ఇల్లు తమ్ముడికి రాశారు సరే, అమ్మ ఎవరికి?

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరుడు రాశారు. తల్లికి 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగి మంచం పట్టి, జమ్మలమడుగులో చిన్న కొడుకు దగ్గర ఉంది. ఈయన ప్రతి ఆదివారం ఆరాధన కాగానే వెళ్లి, అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వస్తారు. మొన్న తమ్ముడు, "అన్నా, ప్రార్థన అయినాక ఆ దుప్పటి కూడా మార్చిపో" అన్నాడట. రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, విశ్వాసం వల్లనా, మనం చేసే క్రియల వల్లనా, వాడికి చూపించడానికి వాక్యాలు చెప్పండి అని అడిగారు.

బైబిల్లోని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం 8, 9 వచనాలు మీరే రాశారు: కృపచేత, విశ్వాసం ద్వారా, క్రియల వల్ల కాదు అని. పదో వచనం ఎందుకు వదిలేశారు? సత్క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని అందులోనే ఉంది. ఐదొందల ఏళ్ల కింద సంఘాన్ని సంస్కరించాలన్న లూథర్ కాలం నుంచి ఈ మాట మీదే కొట్లాడుకున్న కథోలికులు, లూథరన్లే 1999లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కూర్చుని, రక్షణ కృప వల్లే, మంచి పనులు దాని ఫలాలని సంతకాలు పెట్టారు. ఇక ఆ వాదన మీ ఇంట్లో ఎందుకు?

అసలు సంగతి మీ ఉత్తరం మూడో పేజీలో ఉంది. "నాన్న ఇల్లు వాడి పేరునే రాసినాడు, అమ్మను చూసుకోవాల్సింది వాడే కదా." మీ అన్నదమ్ముల మధ్య ఉన్నది ఆ ఇల్లు. పంపకాల్లో మీకు అన్యాయమే జరిగి ఉండొచ్చు. పెద్ద కొడుకును పక్కన పెడితే కడుపు మండదా? మండుతుంది. కానీ ఆ కోపం అమ్మ మీద తీర్చుకుంటూ దానికి విశ్వాసం అని పేరు పెడితే నేను ఒప్పుకోను.

తిండీ బట్టా లేనివాడితో "సమాధానంగా వెళ్లు, చలి కాచుకో" అని చెప్పి, ఏమీ ఇవ్వకపోతే ఏం ప్రయోజనం అని యాకోబు తన పత్రికలో అడిగాడు. బైబిలు ముట్టడని మీరు రాసిన తమ్ముడు అడిగిందీ అదే. మందిరం స్లాబుకు పెద్ద మొత్తం ఒప్పుకున్నాను, అందుకే అమ్మ మందులకు ఇవ్వలేకపోతున్నాను అన్నారు. మార్కు సువార్త ఏడో అధ్యాయం తీయండి. తల్లిదండ్రులకు చెందాల్సింది దేవునికి అర్పించేశామని తప్పించుకునేవాళ్లను యేసు ఎంత గట్టిగా నిలదీశాడో చూడండి. సిలువ మీద వేలాడుతూ కూడా తల్లిని శిష్యుడి చేతిలో పెట్టినవాడాయన.

ఇంకో మాట. ఉత్తరం మొత్తంలో మీ మరదలి ప్రస్తావనే లేదు. పక్క పుండ్లు పడకుండా రాత్రి కూడా లేచి ఆ పెద్దామెను అటూ ఇటూ తిప్పుతున్నది ఎవరనుకున్నారు? ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే లెక్క అని గలతీయులకు పౌలు రాసింది, మీ ఇంట్లో ఆ అమ్మాయి చేసి చూపిస్తోంది. ఆమెకు ఒక్కసారైనా చెప్పారా?

ఈ వారం శనివారం సాయంత్రమే వెళ్లండి. మీ ఆవిడను పంపి తప్పించుకోవద్దు. ఆ రాత్రి అమ్మ దగ్గర మీరే పడుకోండి, మరదలిని నిద్రపోనివ్వండి. స్లాబు డబ్బుకు గడువు కావాలని పాస్టర్‌గారిని అడగండి. మందుల్లో సగం ఖర్చు నెలనెలా తమ్ముడి చేతికి ఇవ్వండి. వాడు ఒక మాట తూలినా పడండి. ఇంటి సంగతి కావాలంటే తర్వాత పెద్దమనుషుల్లో పెట్టుకోండి, అమ్మ మంచం దగ్గర మాత్రం ఎత్తకండి.