ఆ సాయంత్రం పాయసం

వనస్థలిపురం నుంచి ఒక సోదరి ఉత్తరం. డాలస్‌లో మరిది ఉద్యోగం పోయిందని ఫోన్ వచ్చిన సాయంత్రం ఆమె సేమ్యా పాయసం వండింది. ఏమిటి విశేషమని భర్త అడిగితే, పాలు మిగిలాయంది. ‘తోటికోడలి కష్టానికి సంతోషించాను. ఈ పాపం నా పిల్లలకు తగులుతుందా?’ అని అడుగుతోంది.

తగలదమ్మా. ఆ ప్రశ్న పక్కన పెట్టండి.

మీ ఉత్తరంలో తోటికోడలు చేసిన అపకారం ఒక్కటీ లేదు. అత్తగారి మాటలు మాత్రం తారీఖులతో సహా ఉన్నాయి. పూటపూటా షుగరు మాత్రలు వేసేది, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ అనే సగటు షుగరు పరీక్షకు ఆటోలో తీసుకెళ్లేది మీరు. పండక్కి చీర పంపిన చిన్నకోడలు బంగారం. అదంతా వింటూ టీవీ సౌండు పెంచే మనిషి మీ ఆయన. మీ అసలు గొడవ ఆయనతోనే.

సుఖంలో ఉన్నవాళ్లతో మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ అలవరచుకోమన్నాడు యోగసూత్రాల్లో పతంజలి, ఆ వరుసలోనే. ఆమె సుఖం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా మీకో చురక తగులుతుంటే మొదటిదే కుదరలేదు, రెండోది ఒక్క పూటలో ఎక్కడ పుడుతుంది? ఆ సంతోషం దానంతటదే వచ్చింది. మర్నాడు ఆడపడుచుకు ఫోన్ చేసి ‘అయ్యో పాపం, తెలిసిందా?’ అన్నారే, అది మాత్రం మీరు చేసిన పని. ఇక చేయకండి.

అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే అక్కడ ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి, రెండూ కాకపోతే పెట్టె సర్దుకోవాలి. మీ తోటికోడలి వీసా మీ మరిదిదానికే ముడిపడి ఉంటే ఆమెదీ అదే గడువు. కాబట్టి వాట్సాప్‌లో రెండే ముక్కలు పంపండి: ‘విన్నాం. రావాల్సి వస్తే పై గది ఉంది.’ నిజంగా ఇవ్వగలిగితేనే గది మాట ఎత్తండి. ‘ఇంకా దొరకలేదా?’ అని వారంవారం అడగొద్దు. క్షమాపణ అసలే వద్దు. పాయసం సంగతి చెబితే మీ బరువు దిగి ఆమె నెత్తిన పడుతుంది.

ఇక మీ ఆయన. ఆదివారం అత్తగారు పడుకున్నాక కూర్చోబెట్టి, మందులు తెచ్చేదెవరు, రాత్రి లేచేదెవరు అని కాగితం మీద రాయండి. డబ్బు లెక్క ఇప్పుడు వద్దు. తమ్ముడు రోజులు లెక్కపెట్టుకుంటుంటే వాటా అడగడం న్యాయమైనా కసిలా వినిపిస్తుంది. ఈసారి పోలిక వచ్చినప్పుడు అక్కడికక్కడే ‘అమ్మా, నిన్ను చూసుకుంటున్నది ఈమే’ అని ఆయన నోటితో అనాలి. తర్వాత వంటింట్లోకొచ్చి చేసే ఓదార్పు లెక్కలోకి రాదు. ‘పెద్దావిడ, వదిలెయ్’ అంటారు. పెద్దలకు ఎదురు చెప్పకూడదని నేనూ నమ్ముతాను, కానీ కన్నతల్లికి నచ్చజెప్పే చనువు కొడుక్కి కాక ఎవరికుంటుంది?

వచ్చే పరీక్షకు ఆయన్నే తీసుకెళ్లమనండి. ఆఫీసుందంటారు. హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. సాయంత్రం ఎల్బీనగర్‌లో మెట్రో దిగి ఇంటికొచ్చాక కూడా తీసుకెళ్లొచ్చు.