విండోస్‌లో ఈమాక్స్ పిలిచే ఫైండ్ మీరనుకున్నది కాదు

గిట్‌తో వచ్చిన యునిక్స్ ప్రోగ్రామ్‌లు గ్రెప్ (ఫైళ్లలో మాటను వెతికేది), ఫైండ్, డిఫ్ (రెండు ఫైళ్ల తేడాలు చూపేది) ఉన్న ఫోల్డర్‌ను యూజర్ పాత్‌లో, అంటే విండోస్ ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో మీ ఖాతాకు చెందిన భాగంలో, చేర్చాక గ్రెప్ పనిచేస్తున్నా, ఈమాక్స్ టెక్స్ట్ ఎడిటర్‌లో ఆర్‌గ్రెప్ (ఫైండ్, గ్రెప్‌లను కలిపి ఫోల్డర్ల నిండా మాటను వెతికే కమాండు) నడిపితే పారామీటర్ల తీరు సరిగా లేదంటూ ఫైండ్ తిప్పికొడుతోందని మీరు అడిగారు. నేను కూడా ఈ సందేశంతో ఒక సాయంత్రమంతా కుస్తీపట్టాను.

ఆ సందేశం ఇచ్చేది యునిక్స్ ఫైండ్ కాదు. విండోస్‌కు సిస్టమ్32 ఫోల్డర్‌లో అదే పేరుతో సొంత ప్రోగ్రామ్ ఒకటి ఉంది. యునిక్స్ ఫైండ్ ఫోల్డర్లలోకి దిగి ఫైళ్లను వెతికితే, ఇది ఫైలు లోపల మాటను వెతుకుతుంది. విండోస్ ముందు సిస్టమ్ పాత్‌ను ఉంచి, దాని వెనుక యూజర్ పాత్‌ను తగిలిస్తుంది కాబట్టి, యూజర్ పాత్‌లో మీరు ఎంత ముందు చేర్చినా మొదటి వంతు సిస్టమ్32దే. వరుసలను క్రమంలో పెట్టే సార్ట్‌దీ ఇదే కథ. గ్రెప్ పేరుతో విండోస్‌లో ఏదీ లేదు కనుక అది మాత్రం బుద్ధిగా నడిచి, అంతా సవ్యంగా ఉందన్న భ్రమ కలిగిస్తుంది.

నేను మొదట ఆ ఫోల్డర్‌ను సిస్టమ్ పాత్‌లోనే అన్నిటికంటే ముందు పెట్టాను. ఈమాక్స్ దారికి వచ్చింది గానీ, విండోస్ ఫైండ్‌ను నమ్ముకుని ఎప్పుడో రాసుకున్న నా బ్యాచ్ ఫైలు మర్నాడే మొరాయించింది. గిట్ ఇన్‌స్టాలర్‌లో ఇదే పని చేసే ఎంపిక కింద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక ఉంటుంది. చదవకుండా నెక్స్ట్ నొక్కే అలవాటు నాది.

అందువల్ల విండోస్ పాత్‌ను ముట్టుకోకుండా, మార్పును ఈమాక్స్ మొదలైనప్పుడు చదివే ఇనిట్ ఫైలుకే పరిమితం చేయమంటాను. అక్కడ ఆ ఫోల్డర్‌ను రెండు చోట్ల చేర్చాలి: ఎగ్జెక్-పాత్ జాబితా మొదట ఒకసారి, సెట్ఎన్వ్ ఫంక్షన్‌తో పాత్ విలువ మొదట, సెమికోలన్ పెట్టి, మరొకసారి. ఈమాక్స్ తానే నేరుగా నడిపే ప్రోగ్రామ్‌లకు మొదటిది, షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ద్వారా నడిపే ఆర్‌గ్రెప్ వంటి వాటికి రెండోది దారి చూపుతాయి. మొదటిది ఒక్కటే మార్చితే స్పెల్లింగ్ తనిఖీ నడుస్తుంది, ఆర్‌గ్రెప్ నడవదు. అప్పుడు తప్పు ఎక్కడుందో అంతుబట్టదు. ఈమాక్స్‌లో ఎగ్జిక్యూటబుల్-ఫైండ్ ఫంక్షన్ ఇచ్చే జవాబు, ప్రోగ్రామ్ ఎక్కడుందో చెప్పే వేర్ (where) కమాండును అక్కడినుంచే నడిపితే వచ్చే మొదటి వరుస ఒకే ఫైలును చూపితే రెండూ కుదిరినట్టే.

యునిక్స్ ప్రోగ్రామ్‌ల ఏ సముదాయం వాడాలన్నది చిన్న విషయం. గిట్ ఉంటే దాని యూఎస్ఆర్ లోపలి బిన్ చాలు. స్పెల్లింగ్ చూసే ఆస్పెల్ వంటివి కూడా కావాలంటే ఎమ్‌సిస్2 అనే సముదాయం మేలు, పైగా దాని ఫోల్డర్ పేరులో ఖాళీలు ఉండవు. అటువంటిదే మరో సముదాయమైన సిగ్విన్‌నూ వీటినీ ఒకే పాత్‌లో కలపకండి, వాటి డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడు) ఫైళ్లకు పరస్పరం పొసగదు. విండోస్‌లో లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లోని గ్రెప్‌ను విండోస్ ఈమాక్స్ నుంచి పిలవవచ్చు గానీ, ఫైళ్ల చిరునామాలు రెండు వైపులా రెండు రకాలుగా ఉండడంతో ఆ శ్రమకు తగిన ఫలం నాకు దక్కలేదు.

డిఫ్ ఫైలు మొత్తం మారిపోయినట్టు చూపితే కంగారుపడకండి. ఒక ఫైలులో వరుసల చివర విండోస్ పద్ధతి, మరోదానిలో యునిక్స్ పద్ధతి ఉండి ఉంటుంది. స్ట్రిప్-ట్రెయిలింగ్-సీఆర్ ఎంపిక జోడిస్తే నిజమైన తేడాలే మిగులుతాయి.

ఇక తెలుగు మాటను ఆర్‌గ్రెప్‌తో వెతకబోయి ఏమీ దొరకకపోతే, అది మీ అమరికలో లోపం కాదు. విండోస్ ఈమాక్స్ బయటి ప్రోగ్రామ్‌కు ఇచ్చే మాటలను సిస్టమ్ కోడ్‌పేజీలోకి (అక్షరాలకు సంఖ్యలిచ్చే పట్టికలోకి) మార్చి పంపుతుంది, తెలుగుకు అటువంటి కోడ్‌పేజీ లేదు. అటువంటప్పుడు నేను ఫైళ్లను తెరిచి, ఈమాక్స్ సొంత కమాండైన మల్టీ-అక్కర్‌తో వెతుకుతాను.