బగ్ రిపోర్టు ఎలా రాయాలి?

ప్రశ్న: నేను వాడే ఓపెన్‌సోర్స్ టెక్స్ట్ ఎడిటర్ పెద్ద ఫైలు తెరిస్తే హ్యాంగ్ అవుతోంది. దాన్ని తయారుచేసేవాళ్లకు రెండుసార్లు బగ్ (ప్రోగ్రామ్‌లోని తప్పు) రిపోర్టు రాశాను. ‘మా దగ్గర ఆ సమస్య రావడం లేదు’ అని రిపోర్టు మూసేశారు. ఎలా రాస్తే పట్టించుకుంటారు?

జవాబు: ముందు తప్పు ఎడిటర్‌దా, మీరు దానికి అదనంగా జోడించిన ప్లగిన్‌దా తేల్చుకోండి. ఉదాహరణకు విమ్ ఎడిటర్‌ను ‘--క్లీన్’ అనే ఆప్షన్‌తో, ఈమాక్స్ ఎడిటర్‌ను ‘-క్యూ’తో (క్యూ పెద్దక్షరం) తెరిస్తే మీ సెట్టింగులు లోడ్ కావు. అప్పుడూ హ్యాంగ్ అయితేనే రాయండి.

‘పెద్ద ఫైలు’ అంటే వాళ్లకేం అర్థమవుతుంది? ‘40 ఎంబీ లాగ్ ఫైలు, మొత్తం ఒకటే లైను, వర్డ్ ర్యాప్ (పొడవైన లైన్లను తెర వెడల్పుకు మడిచే సెట్టింగు) ఆన్‌లో ఉంది, ఎండ్ కీ నొక్కితే 20 సెకన్లు కదలదు’ అని రాయండి. చాలా ఎడిటర్లు లైన్ల లెక్కన పనిచేస్తాయి కాబట్టి సైజు కన్నా లైను పొడవే అసలు ఆచూకీ కావచ్చు. అసలు ఫైలు మాత్రం పంపకండి, అందులో పాస్‌వర్డులు ఉండొచ్చు. సగానికి సగం కోస్తూ వెళ్లి, తప్పు ఇంకా కనిపించే అతి చిన్న ముక్కను, రహస్యాలేవీ లేవని చూసుకుని జతచేయండి. వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ తప్పనిసరి. ఈమాక్స్‌లో ‘రిపోర్ట్-ఈమాక్స్-బగ్’ కమాండ్ వాటిని తనే నింపుతుంది.

ఒక రిపోర్టులో ఒకటే బగ్. కొత్త సదుపాయం కావాలంటే వేరేగా రాయండి. అక్కడ ‘ఈ బటన్ పెట్టండి’ అనకుండా, ఏ పని దగ్గర చెయ్యి ఆగిపోతోందో చెప్పండి. అంతకన్నా మంచి దారి వాళ్లకే తట్టొచ్చు.