కీర్తనలు తగ్గాయి, ఎవరికి రాయాలి?

ప్రశ్న: బ్రిటన్‌లో ఉంటున్నాం. బీబీసీ క్రైస్తవ కీర్తనల టీవీ కార్యక్రమం ‘సాంగ్స్ ఆఫ్ ప్రెయిజ్’లో ఒకప్పుడు ఒకే చర్చి నుంచి కీర్తనలన్నీ వచ్చేవి. ఇప్పుడు మధ్యలో ముచ్చట్లే ఎక్కువ. మా అమ్మ బాధపడుతోంది. ఫిర్యాదు చేస్తే వింటారా?

జవాబు: 1961లో కార్డిఫ్‌లోని ఒక చర్చి నుంచి మొదలైన కార్యక్రమమిది. 2014లో మ్యాగజైన్ తరహాకు, అంటే పాటలూ ముచ్చట్లూ కలగలిపిన రూపానికి మార్చి, ఒకే ఎపిసోడ్‌లో వేర్వేరు చర్చి సంఘాల పాటలు చూపడం మొదలుపెట్టారు. వైవిధ్యం పెరిగిన మాట నిజమే. కానీ తెర మీది పదాలు చూస్తూ గొంతు కలిపే పెద్దవాళ్లకు, పాట నడుమ ఇంటర్వ్యూ వస్తే ఆరాధనే తెగిపోతుంది. అమ్మగారి బాధ న్యాయమైనదే.

ప్రసారమైన 30 పనిదినాల్లోగా ముందు బీబీసీకే రాయండి. నేరుగా ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు వెళ్తే సాధారణంగా వెనక్కి పంపుతారు. పైగా కార్యక్రమం రూపం ఎలా ఉండాలన్నది ఛానెల్ నిర్ణయమే. అందుకే ‘నియమం తప్పారు’ అనకుండా అభిప్రాయంగా రాయడం మేలు. ‘బాగాలేదు’ అంటే ఎవరికీ ఉపయోగపడదు. తేదీ, సమయం వేసి, ‘రెండో కీర్తన మూడో చరణం దగ్గర ఆపేశారు, చివరిదాకా ఉంచండి’ అని రాయండి. నచ్చిన పాట పేరూ చెప్పండి.