ఊరూరా జెయింట్ వీల్ నడిపేవారు యంత్రాలు ఆగకుండా ఏమేమి చూసుకోవాలి?

తిరుపతి గంగమ్మ జాతర మే నెల ఎండల్లోనూ, కాణిపాకం బ్రహ్మోత్సవాలు వినాయక చవితి నాటి వానల్లోనూ జరుగుతాయి కాబట్టి, రెండు చోట్లా తిరిగే యంత్రానికి జాగ్రత్తలు వేరువేరుగా ఉంటాయి. ఎండల్లో ముందు మొరాయించేది జనరేటరే. రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే ఇంజన్ వేడెక్కుతుంది కనుక, రోజూ ఉదయం, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, ఆ దుమ్ము దులిపి నీటి మట్టం చూడాలి. ఇంజన్ ఆయిల్‌ను, జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరును బట్టి మార్చాలి. వానల్లో సగం ఖాళీగా ఉన్న డీజిల్ ట్యాంకులో తేమ నీరై అడుగున చేరుతుంది. ట్యాంకు నింపి ఉంచి, ఫిల్టర్ కింది మర వదులు చేసి ఆ నీటిని తీసేయాలి. తడి నేలలో వీల్ దిమ్మెలు కుంగుతాయి కాబట్టి రసమట్టంతో రోజూ సరిచూడాలి. వీల్ భాగాలను కలిపే బోల్టులు ఊడిపోకుండా రంధ్రంలో దూర్చి, కొసలు వంచే తీగ పిన్నును స్ప్లిట్ పిన్ను అంటారు; ఒకసారి వంచిన దాన్ని మళ్లీ వాడడం, నా దృష్టిలో, క్షమించరాని పొదుపు.