కనిపించని కంచెకు కాపలా: నెలకు 39 డాలర్లు కట్టాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో సొంత ఇంట్లో ఉంటున్నాం. మా హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ముందువైపు ఫెన్స్ కట్టనివ్వరు. అందుకే మా లాబ్రడార్ కోసం యార్డ్ చుట్టూ భూమిలో వైరు పాతి ఇన్విజిబుల్ ఫెన్స్ పెట్టించాం. కుక్క వైరు దగ్గరికి వెళ్తే మెడలోని కాలర్ చిన్న షాక్ ఇచ్చి ఆపుతుంది. ఏప్రిల్‌లో ఆ వైరు ఎక్కడో తెగింది. మాకు తెలియలేదు, కుక్క రోడ్డెక్కేసింది. అదృష్టం బాగుండి పక్కింటివాళ్లు పట్టుకొచ్చారు. ఇప్పుడు ఒక సెక్యూరిటీ కంపెనీ మనిషి ఇంటికొచ్చి, స్మార్ట్ సెన్సర్లతో ఫెన్స్‌ను 24 గంటలూ కనిపెట్టుకుని ఉంటామంటున్నాడు. ఇన్‌స్టలేషన్‌కు 299 డాలర్లు, ఆపైన నెలకు 39 డాలర్లు, 36 నెలల కాంట్రాక్ట్. వచ్చే నెల గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు, అప్పుడు ఎలా ఉంటుందోనని టెన్షన్. సంతకం పెట్టమంటారా?

జవాబు: వద్దండీ, పెట్టకండి. మీ భయం నిజమైనదే, కానీ ఆ కాంట్రాక్ట్ దాన్ని తీర్చదు.

ముందు లెక్క చూద్దాం. నెలకు 39 చొప్పున 36 నెలలకు 1,404 డాలర్లు. ఇన్‌స్టలేషన్ కలిపితే 1,703. నెలకు 39 అన్నప్పుడు చిన్నగా కనిపించింది, మొత్తం కలిపితే అంత చిన్నదేం కాదు. పైగా మధ్యలో ఇల్లు మారినా, కుక్కకు ఏమైనా అయినా కట్టక తప్పకపోవచ్చు. ఆ ముక్క కాంట్రాక్ట్‌లో ఎక్కడుందో చూపించమని అడగండి.

ఇక వస్తువు సంగతి. మీ గరాజ్ గోడకు తగిలించిన ట్రాన్స్‌మిటర్ బాక్స్ దగ్గరికి వెళ్లి ఒకసారి చూడండి. ఒకే వైరు అందులోంచి బయటికెళ్లి యార్డంతా చుట్టి తిరిగి అందులోకే వస్తుంది. ఆ చుట్టు పూర్తిగా ఉన్నంతసేపు బాక్స్ మీద చిన్న లైటు వెలుగుతుంది. ఎక్కడైనా తెగితే ఆ లైటు ఆరిపోయి, సన్నగా బీప్ మొదలవుతుంది. చాలా మోడళ్లు ఇలాగే పనిచేస్తాయి. గరాజ్ తలుపు మూసి ఉంటే ఆ బీప్ ఇంట్లోకి వినపడదు. ఏప్రిల్‌లో మీకు తెలియకపోవడానికి ఇదే కారణం అయి ఉండొచ్చు. వసంతంలో లాన్ ఏరేషన్ (గడ్డి వేళ్లకు గాలి ఆడేలా మెషిన్‌తో నేలకు చిన్న రంధ్రాలు పెట్టడం) చేయించారా? ఆ మెషిన్ పళ్లు భూమిలోకి దిగి వైరును తెంపడం ఇక్కడ మామూలే. ఈసారి లాన్ వాళ్లను పిలిచే ముందు వైరు వెళ్లే దారి పొడవునా చిన్న జెండాలు గుచ్చి, ఆ పట్టీ వదిలేయమని చెప్పండి. దానికి పైసా ఖర్చు లేదు.

వైరు తెగడం కంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది కరెంటు. గరాజ్ ప్లగ్గులకు సాధారణంగా జీఎఫ్‌సీఐ రక్షణ (షాక్ కొట్టకుండా కరెంటును తనంతట తానే ఆపేసే ఏర్పాటు) ఉంటుంది. తడికో, ఉరుముల వానకో అది ట్రిప్ అయితే బాక్స్‌కు కరెంటు ఆగిపోతుంది. బ్యాటరీ బ్యాకప్ లేని బాక్సయితే బీప్ కూడా రాదు. కంచె లేనట్టే, అయినా ఇంట్లో ఎవరికీ తెలియదు.

సెన్సర్లు పనికొచ్చేది ఇక్కడే. కరెంటు పోతే ఫోన్‌కు మెసేజ్ పంపే సెన్సర్ ఒకటి, సొంత బ్యాటరీతో నడిచేది, అదే ప్లగ్గు దగ్గర పెట్టండి. మామూలు స్మార్ట్ ప్లగ్ కొనాలనుకుంటే, తను ఆఫ్‌లైన్ అయినప్పుడు అది అలర్ట్ ఇస్తుందో లేదో ముందే కనుక్కోండి. చాలా చవక ప్లగ్గులు ఇవ్వవు, ఊరుకుంటాయి. వైరు కోసమైతే, మీ బాక్స్ లైటు నిలకడగా వెలిగే రకమయితే, దాని ముందు ఒక చిన్న లైట్ సెన్సర్ పెట్టి బయటి వెలుతురు పడకుండా నల్ల టేపు వేయండి. లైటు ఆరితే ఫోన్ మోగుతుంది. బాక్స్‌ను మాత్రం విప్పకండి, వారంటీ పోవచ్చు. వైఫై రౌటర్‌కు కూడా చిన్న యూపీఎస్ ఉంటే మంచిది. కరెంటు పోయినప్పుడు నెట్ కూడా పోతే ఆ మెసేజ్ ఎలా వస్తుంది? ఇంట్లో ఇప్పటికే స్మార్ట్ హోమ్ హబ్ (సెన్సర్లను ఫోన్‌కు కలిపే పెట్టె) ఉంటే సెన్సర్లు రెండూ కలిపి 100 డాలర్లలోపే అయిపోతాయి. యూపీఎస్ కలిపినా ఆ కాంట్రాక్ట్‌లో పదో వంతు దాటడం కష్టం.

అయితే ఈ సెన్సర్లన్నీ బాక్స్ సంగతి చెబుతాయి, కుక్క సంగతి చెప్పవు. కాలర్ బ్యాటరీ అయిపోతే, వైరు పక్కాగా ఉన్నా కుక్క హాయిగా గీత దాటేస్తుంది. అసలు కాలర్ వేయకుండా వదిలినా అంతే. నెలకు 39 డాలర్లు తీసుకునే ఆ కంపెనీ కాలర్‌ను కూడా చూస్తుందా అని అడగండి. మీరు రాసినదాన్ని బట్టి చూడదనే అనిపిస్తోంది. అందుకే వెనక తలుపుకు ఒక డోర్ సెన్సర్ పెట్టి, తలుపు తెరవగానే స్పీకర్ "కాలర్ వేశారా?" అని తెలుగులో అడిగేలా మీ గొంతు రికార్డ్ చేసి పెట్టండి. అమ్మగారు పొద్దున్నే లేచి, పాపం కుక్క బయటికెళ్లాలని గోల చేస్తోందని తలుపు తీసేస్తారు. కాలర్ సంగతి ఆవిడకు ఎలా గుర్తుంటుంది? కిట్‌తో వచ్చిన టెస్టర్ లైటును కాలర్‌కు తగిలించి, వారానికోసారి వైరు దాకా నడిచి చూడటం మీ పని.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మీ డబ్బుకు పెద్ద ప్రమాదం వైరు దగ్గర లేదు, మీ కుక్క ఇంకొకర్ని కరవడంలో ఉంది. న్యూజెర్సీ చట్టం ప్రకారం, మీ కుక్క అంతకుముందు ఎవర్నీ కరవకపోయినా, అది కరుస్తుందని మీకు తెలియకపోయినా, మొదటి కాటుకే బాధ్యత యజమానిదే. పైగా ఈ కంచె మీ కుక్కను ఆపుతుందేమో గానీ, బాల్ కోసం మీ లాన్‌లోకి పరుగెత్తుకొచ్చే పక్కింటి పిల్లాణ్ని ఆపదు. ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 2023లో అమెరికాలో ఇలాంటి క్లెయిముల మీద హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీలు దాదాపు 112 కోట్ల డాలర్లు చెల్లించాయి. ఒక్కో క్లెయిముకు సగటున 58,545 డాలర్లు.

అందుకని ఈ వారమే మీ హోమ్ పాలసీ డిక్లరేషన్ పేజీ (కవరేజీ మొత్తాలు రాసి ఉండే మొదటి పేజీ) తీయండి. పర్సనల్ లయబిలిటీ (మీ వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి కంపెనీ కట్టే పరిమితి) దగ్గర 1,00,000 అని ఉంటే 3,00,000కు పెంచమనండి. ప్రీమియం తేడా సాధారణంగా తక్కువే. కుక్క ఉందని ఏజెంట్‌కు ఇంతవరకూ చెప్పకపోతే ఇప్పుడే చెప్పి, చెప్పినట్టు ఈమెయిల్‌లో రాయించుకోండి. పాలసీ తీసుకున్నప్పుడు అడిగితే లేదని రాసి ఉంటే, రేపు క్లెయిమ్ దగ్గర అదే అడ్డం తిరుగుతుంది. కుక్కలకు సంబంధించి మినహాయింపులేమైనా ఉన్నాయేమో కూడా చూడమనండి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఇల్లు, 401కే (ఉద్యోగం ద్వారా ఉండే రిటైర్మెంట్ ఖాతా) కాకుండా బయట పొదుపు కూడా ఉన్నవాళ్లయితే, పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీకి (హోమ్, కారు పాలసీల పరిమితి దాటిన నష్టపరిహారాన్ని కట్టేది) కొటేషన్ అడగండి. చాలా కుటుంబాలకు అది ఏడాదికి కొన్ని వందల డాలర్లలో వస్తుంది. ఆ సెక్యూరిటీ కంపెనీకి నెలనెలా కట్టబోయిన డబ్బు ఏడాదికి 468 డాలర్లు. ఆ డబ్బు ఇటు పెడితే కుక్క కాటుకే కాదు, కారు ప్రమాదంలో పెద్ద కేసు పడినా పనికొస్తుంది.

ఈ జవాబు మీరు చదివేలోపే సంతకం పెట్టేసి ఉంటే కంగారు పడకండి. అమ్మే మనిషి ఇంటికొచ్చి చేసుకున్న ఇలాంటి ఒప్పందాలను మూడు పనిదినాల్లో, మూడో రోజు అర్ధరాత్రిలోగా, ఏ కారణమూ చెప్పకుండా రద్దు చేసుకునే హక్కును ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఇస్తుంది. శనివారం పనిదినం కిందకే వస్తుంది, ఆదివారాలూ ఫెడరల్ సెలవులూ రావు. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. కాంట్రాక్ట్‌తో ఇచ్చిన క్యాన్సిలేషన్ ఫారం మీద సంతకం, తేదీ వేసి, ఒక కాపీ ఉంచుకుని, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి.