ఒక్కరోజు మిర్చి యార్డులో

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. ఏదైనా పనిచోట ఒకరోజు గడిపి, చూసింది రాసుకురమ్మని బడిలో చెప్పారు. మా తమ్ముడు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే కొట్టు) గుమస్తా, తనతో పంపమంటున్నాడు. నాకేమో టెన్షన్.
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: పంపండమ్మా, మేనమామ పక్కనే ఉంటాడుగా! కానీ పొద్దున్నే పంపండి, ఆలస్యమైతే జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిపోతుంది, బస్తాలోంచి గుప్పెడు మిర్చి తీసి, విరిచి, తేమ చూసి ధర చెప్పడం కళ్లారా చూడాల్సిందే. తర్వాత కాంటా దగ్గర నిలబడమనండి, రైతు చేతికిచ్చే తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) కమీషన్, హమాలీ ఖర్చు ఎలా రాస్తారో మామనే అడగమనండి (లెక్కల మాస్టారు చెప్పని లెక్క అది). మూతికి దస్తీ తప్పనిసరి, ఘాటుకు తుమ్ములాగవు. ఒక్కటి మాత్రం మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి, చూడటం వరకే. 14 ఏళ్లు నిండని పిల్లల్ని దుకాణంలో పనికి పెట్టుకోవడం 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం నేరం.